పెళ్లికి ముందు ఉంగరాల జుట్టును స్ట్రెయిటెనింగ్ చేయించుకోవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది పొదిలి దగ్గర పల్లె, ఇరవై నాలుగేళ్ల వయసు, రెండు నెలల్లో పెళ్లి, ఉంగరాల జుట్టు. జుట్టు సాఫీగా ఉంటే ఫోటోల్లో బాగుంటుందని కాబోయే ఆడపడుచు అంది. ఒంగోలులో ఒక పార్లర్ వాళ్లు కెరటిన్ (మందు పూసి, వేడి మిషన్‌తో నొక్కి జుట్టును సాఫీ చేసే పద్ధతి) చేస్తామని, అందులో ఫార్మల్డిహైడ్ అనే హానికర రసాయనం లేదని చెప్పారు. చేయించుకోవచ్చా, వద్దంటే జుట్టు ఒత్తుగా పెరగడానికి ఏం చేయాలి అని అడిగారు.

చేయించుకోవద్దండి. ఇది ఎవరో చెప్పగా విని అంటున్న మాట కాదు. నేను మూడేళ్లకు పైగా చేయించుకున్నాను. పోయిన జుట్టు తిరిగి రావడానికి మరో మూడేళ్లు పట్టింది. మాది కావలి. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మొదటిసారి చేయించుకున్నది 2015లో, డిగ్రీ చివరి ఏడాదిలో, అక్క పెళ్లికి. మీలాగే నాదీ ఉంగరాల జుట్టు. అమ్మదీ అక్కదీ తిన్నని జుట్టు. చిన్నప్పటి నుంచి ఇంట్లో నా తల దువ్వడం ఒక యుద్ధం. అమ్మ తన జుట్టును ఎలా దువ్వుకునేదో నాదీ అలాగే, పొడిగా ఉన్నప్పుడు, పైనుంచి కిందికి, సన్నపళ్ల దువ్వెనతో దువ్వేది. వెంట్రుకలు తెగేవి, నేను ఏడ్చేదాన్ని, 'పీచు జుట్టు' అనే పేరు స్థిరపడిపోయింది. దాంతో నా జుట్టులోనే లోపం ఉందని ఇరవై ఏళ్ల వయసుకు నేను పూర్తిగా నమ్మేశాను. మీ ప్రశ్నలో 'నా జుట్టు అసలు బాగుండదు' అని రాశారు చూడండి, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఇంత పొడవైన జవాబు రాయడానికి కారణం అదే.

మొదట చేయించుకున్నది రీబాండింగ్. నెల్లూరులో, దాదాపు ఆరు గంటలు కూర్చోబెట్టారు. క్రీము పూశారు, కడిగారు, పాయలు పాయలుగా తీసి వేడి పలకల మిషన్‌తో నొక్కారు, మరో క్రీము పూశారు. మూడు రోజులు తల తడపకూడదు, జడ వేయకూడదు, చెవి వెనక్కి కూడా తోయకూడదన్నారు. నాలుగో రోజు అద్దంలో చూసుకుని ఎంత సంతోషపడ్డానో అబద్ధం చెప్పను. గాలికి జుట్టు కదలడం అదే మొదటిసారి చూశాను. అందుకే ఆరు నెలలకు కుదుళ్ల దగ్గర ఉంగరాలు మళ్లీ కనిపించగానే టచప్‌కు వెళ్లాను. ఆ తర్వాత 2016లో, 2017లో కూడా.

ఆ క్రీములు ఏం చేస్తాయో చెబుతాను. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తితో తయారవుతుంది. ఆ మాంసకృత్తి పోగులను గంధకపు బంధాలు ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతాయి. వెంట్రుక కాలినప్పుడు వచ్చే కంపులో ఆ గంధకం పాలు ఉంది. రీబాండింగ్‌లో వాడే థయోగ్లైకోలేట్ క్రీము ఈ బంధాలను విప్పుతుంది. తర్వాత వేడితో తిన్నగా సాగదీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న రెండో క్రీముతో కొత్త ఆకారంలో మళ్లీ ముడి వేయిస్తారు. విడిపోయినవన్నీ తిరిగి ముడిపడవు. ప్రతి టచప్‌కూ కొన్ని పోతూ ఉంటాయి. రిలాక్సర్ అనే మరో రకంలో ఏకంగా సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. సబ్బు తయారీలో వాడే క్షారం అది. మాడుకు తగిలితే కాలుస్తుంది. వెంట్రుక చర్మం బయటికి వచ్చాక దానిలో ప్రాణం ఉండదు కాబట్టి, ఒకసారి చెడిన భాగాన్ని శరీరం బాగు చేయలేదు. ఏ సీరమ్ రాసినా అది పైపూతే.

ఉంగరం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోండి. అది వెంట్రుక కుదురు ఆకారాన్ని బట్టి, చర్మం లోపలే నిర్ణయమవుతుంది. అందువల్ల బయట ఎన్నిసార్లు సాగదీసినా లోపలి నుంచి మళ్లీ ఉంగరాల వెంట్రుకే వస్తుంది. అంటే పార్లర్‌కు ఒక్కసారి వెళ్తే సరిపోదు. ఏడాదికి రెండుసార్లు, ఏళ్ల తరబడి వెళ్తూనే ఉండాలి. పెళ్లి కోసం ఒక్కసారే కదా అని నేనూ అనుకున్నాను.

ఇక మీరు అడిగిన కెరటిన్. 2018లో రీబాండింగ్ కంటే ఇది మెత్తనిదని, జుట్టుకు బలమని చెబితే అదీ చేయించుకున్నాను. డబ్బా మీద ఫార్మల్డిహైడ్ లేదనే రాసి ఉంది. మందు పూసి మిషన్‌తో నొక్కడం మొదలుపెట్టగానే పొగ లేచింది. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. ఆ వాసన నాకు తెలుసు. జువాలజీ ల్యాబులో గాజు సీసాల్లో కప్పలను, పాములను ఉంచే ఫార్మలిన్ వాసన అది. ఫార్మలిన్ అంటే నీటిలో కలిపిన ఫార్మల్డిహైడే. తెలిసి కూడా లేచి రాలేదు. సగం తల అయిపోయింది, డబ్బు కట్టేశాను అనుకుని కూర్చున్నాను. ఆ రోజు గుర్తొస్తే నా మీద నాకు కలిగే బాధ కంటే, నా వెనక నిలబడి మిషన్ పట్టుకున్న అమ్మాయి గురించి కలిగే బాధే ఎక్కువ. ఆమెకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. తలుపులు మూసిన ఏసీ గదిలో, చున్నీ ముక్కుకు అడ్డం కట్టుకుని, మధ్యమధ్య దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ మూడు గంటలు ఆ పొగలో నిలబడింది. నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు పీల్చే గాలి ఆమె రోజూ పీలుస్తుంది. ఫార్మల్డిహైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

'లేదు' అని డబ్బా మీద రాస్తారు కదా అంటారేమో. ఫార్మలిన్, మిథిలీన్ గ్లైకాల్ అనే పేర్లు కనబడితే అవి అదే మందుకు మారుపేర్లు. ఇంకొన్నింటిలో గ్లయాక్జిలిక్ యాసిడ్ వాడతారు. డబ్బాలో ఉన్నప్పుడు అందులో ఫార్మల్డిహైడ్ ఉండకపోవచ్చు. రెండు వందల డిగ్రీలు దాటిన పలకల మధ్య పెట్టినప్పుడు అది వెలువడుతుంది. గ్లయాక్జిలిక్ యాసిడ్‌తో మరో ప్రమాదం కూడా ఉంది. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రాన్స్ వైద్యులు 26 ఏళ్ల యువతి గురించి రాశారు. అంతకు ముందు ఆమెకు ఏ జబ్బూ లేదు. 2020, 2021, 2022లలో మూడుసార్లు జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే మూడుసార్లూ వాంతులు, జ్వరం, నడుము నొప్పితో కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీములో గ్లయాక్జిలిక్ యాసిడ్ ఉంది. అదే క్రీమును ఎలుకలకు పూసి చూస్తే వాటి కిడ్నీలలో క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఏర్పడ్డాయి. అందరికీ ఇలా అవుతుందని చెప్పడం లేదు. కానీ మాడు చర్మం గుండా మందు ఒంట్లోకి పోదని పార్లర్‌లో చెప్పే మాట నిజం కాదు.

క్యాన్సర్ భయం గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఎందుకంటే దీని మీద వాట్సాప్‌లో తిరిగే సందేశాలు మనుషులను ఊరికే బెదరగొడుతున్నాయి. అమెరికాలో 35 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. స్ట్రెయిటెనింగ్ మందులు ఎప్పుడూ వాడని వారిలో 70 ఏళ్ల వయసు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం ఉంటే, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడిన వారిలో అది 4.05 శాతం అని తేలింది. మందు వల్లే వచ్చిందని దీనితో రుజువు కాదు, రెండింటికీ సంబంధం కనిపించిందని మాత్రమే అర్థం. జుట్టుకు వేసే రంగుల్లో ఆ సంబంధం కనబడలేదు. ఒక్కసారి చేయించుకున్నవారు నిద్రలు మానుకోనక్కరలేదు. మళ్లీ మళ్లీ వెళ్లకపోతే చాలు.

నాకు జరిగింది వీటికంటే చిన్నదే. కెరటిన్ అయిన రెండో రోజు నుంచి నడినెత్తిన మంట, తర్వాత పొక్కులు, చీము. మూడు వారాలకు తల దువ్వుతుంటే వెంట్రుకలు కుదుళ్ల నుంచి కాకుండా మధ్యకు తెగి చేతికి వచ్చాయి. కుడి చెవి పైన బొటనవేలంత పొడవు మొండి వెంట్రుకలే మిగిలాయి. అమ్మ ఏమీ అనలేదు. తెగిన వెంట్రుకలను నేల మీద నుంచి ఏరి కాగితంలో చుట్టి పెట్టింది. నెల్లూరు పొగతోటలో చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆవిడ మాడు చూసి మందు రాసిచ్చి, వెంటనే రక్తపరీక్ష చేయించమన్నారు. నా హిమోగ్లోబిన్ 9 ఉంది. స్త్రీలకు 12 ఉండాలి. 'జుట్టు బయట నుంచి తెగుతోంది, లోపల నుంచి రాలుతోంది. రెండూ వేరు వేరు, రెండింటికీ వేరే వైద్యం' అన్నారు. ఆ తేడా అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

మీరు కూడా ముందు ఈ తేడా చూసుకోండి. రాలిన వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే ఒక చివర చిన్న తెల్లని బొడిపె ఉంటే అది కుదురు నుంచి రాలింది. రోజుకు యాభై నుంచి వంద దాకా అలా రాలడం అందరికీ సహజం. బొడిపె లేకుండా పొట్టి ముక్కలు వస్తుంటే అది తెగుతోంది. మందు వల్లో, వేడి వల్లో, దువ్వెన వల్లో. మామూలు కంటే ఎక్కువ రాలుతుంటే రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి ఆలోచించండి. విషజ్వరం, కాన్పు, కఠినమైన డైటింగ్ లాంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మొదలవుతుంది, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. 2020లో పాప పుట్టినప్పుడు మూడో నెలలో నాకు గుప్పెళ్లతో ఊడింది. ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు.

పెళ్లికి ముందు ఒక్క పని చేయాలంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలలో రక్తహీనత ఉంది. నేను ఐరన్ మాత్రలు ఆరు నెలలు వేసుకున్నాను. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటు మానేశాను, ఎందుకంటే టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పట్టేలా చేస్తుంది. తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకోవడం, వారానికి మూడు రోజులు చేపలు, రోజూ గుడ్డు, మునగాకు. కావలి వాళ్లకు చేపలకు కొదవ లేదు. పొదిలి వైపు గుడ్లు, పెసలు, వేరుశనగ చాలు. బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మాత్రం ఎవరో చెప్పారని కొనకండి. లోపం ఉన్నవారికి తప్ప వాటితో ప్రయోజనం లేదు, పైగా థైరాయిడ్ పరీక్ష ఫలితాలను అవి తారుమారు చేయగలవు.

చెడిన జుట్టును ఏం చేయాలన్నది నాకు పెద్ద ప్రశ్న అయింది. మాలకొండకు వెళ్లి తలనీలాలు ఇస్తే ఒత్తుగా వస్తుందని పెద్దమ్మ అంది. మొక్కు ఉంటే ఇవ్వడం వేరు. గుండు చేయించినంత మాత్రాన వెంట్రుక మందం పెరగదు, కుదురు చర్మం లోపల ఉంది కదా. చెడినదంతా ఒకేసారి పోతుందన్న మాట మాత్రం నిజమే. నాకు ధైర్యం చాలక రెండు నెలలకొకసారి అంగుళం చొప్పున కత్తిరించుకుంటూ వచ్చాను. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఏ నూనే దాన్ని రెండు సెంటీమీటర్లు చేయలేదు. 2021 చివరికి మందు తగిలిన ఆఖరి వెంట్రుక పోయింది.

ఆ మూడేళ్లలో నాకు జుట్టు సంరక్షణ నేర్పింది మా నాయనమ్మ. ఆమెదీ ఉంగరాల జుట్టే. ఎప్పుడూ కొప్పు పెట్టుకునేది కాబట్టి నేను గమనించనే లేదు. అల్లూరు దగ్గర పల్లెలో ఉండేది. సెలవులకు వెళ్తే నన్ను పెరట్లో కూర్చోబెట్టి, మందారాకు నలిపి జిగురు తీసి తడి తలకు పట్టించి, ఆ జిగురు ఉండగానే వేళ్లతో చిక్కు తీసింది. తర్వాత పెద్దపళ్ల దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. ఒక్క వెంట్రుకా తెగలేదు. 'మన జుట్టు పొడిగా దువ్వకూడదే, మీ అమ్మకు తెలియదు' అంది. అన్నేళ్ల ఏడుపుకు కారణం అంత చిన్నది. ఉంగరాల జుట్టులో మాడు దగ్గరి సహజ నూనె ఆ వంపుల మీదుగా కొసలకు చేరదు. అందుకే కొసలు పొడిబారుతాయి, ఒకదానికొకటి చిక్కుకుంటాయి. ఆ చిక్కును పొడిగా లాగితే తెగడం తప్ప మరో దారి లేదు. మందారాకు దొరకకపోతే పలుచని గంజి గానీ, అవిసె గింజలు ఉడికించి వడకట్టిన జిగురు గానీ వాడండి. దుకాణంలో కొన్న కండిషనర్ అయినా మంచిదే, దానిలో తప్పేమీ లేదు.

నూనె విషయంలో కొబ్బరినూనెకు నేను ఓటు వేస్తాను. తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుక నుంచి మాంసకృత్తి పోవడం తగ్గుతుందని 2003లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ నూనెలతో ఆ ఫలితం రాలేదు. స్నానానికి గంట ముందు, ముఖ్యంగా కొసలకు రాయండి. చుండ్రు ఉంటే రాత్రంతా ఉంచవద్దు. ఆముదం మెరుపు ఇస్తుంది, కొత్త వెంట్రుకలు మొలిపించదు. ఉల్లిరసం నాకు మంట తప్ప ఏమీ ఇవ్వలేదు.

మీ ఊళ్లో బోరు నీళ్లు ఎంత ఉప్పో నేను చెప్పనక్కరలేదు. ఆ నీళ్లతో ఒంటి సబ్బు తలకు రుద్దితే తెల్లని పొరలా పేరుకుపోయి జుట్టు కొయ్యబారుతుంది. కుంకుడుకాయ రసానికి ఆ ఇబ్బంది లేదు, ఉప్పు నీళ్లలోనూ పని చేస్తుంది. కళ్లలో పడకుండా చూసుకోవాలి, వారానికి రెండుసార్లు మించకూడదు. వీలుంటే ఆఖరి చెంబు మంచినీళ్లు పోసుకోండి. తల తుడవడానికి టర్కీ తువ్వాలు వద్దు. నేను నాయనమ్మ పాత వెంకటగిరి నూలు చీర ముక్క వాడుతున్నాను, ఒత్తి తడి తీయడమే, రుద్దడం లేదు. పడుకునేటప్పుడు దిండు మీద పాత పట్టుచీర ముక్క వేసుకుంటే రాపిడి తగ్గుతుంది.

పెళ్లి రోజు సంగతి. నాకు 2019లో పెళ్లయింది, జుట్టు అప్పటికి భుజాలు దాటలేదు. సవరం కలిపి జడ వేశారు, మీద పూలజడ కట్టారు. ముహూర్తం వేళ మీ జుట్టులో కనిపించేది పాపిడి, ముందు నాలుగు వేళ్ల మేర మాత్రమే. మంగళస్నానానికి తల నిండా నూనె పెడతారు. నడినెత్తిన జీలకర్ర బెల్లం పెడతారు, తలంబ్రాలు పోస్తారు. మూడు రోజులు తల తడపకూడదన్న మందు ఆ తంతులో ఎక్కడ ఇముడుతుంది? రిసెప్షన్‌కు జుట్టు వదిలేయాలని ఉంటే, పూర్తిగా ఆరిన జుట్టు మీద తక్కువ వేడితో ఆ ఒక్క సాయంత్రానికి మిషన్ పెట్టించుకోండి. తల కడిగితే పోతుంది, గంధకపు బంధాలు తెగవు. ఒక జాగ్రత్త: సవరం, పూలజడ బరువుకు నుదుటి దగ్గర జుట్టును బిగించి లాగనివ్వకండి. రోజూ అలా లాగి కడితే అక్కడి కుదుళ్లు శాశ్వతంగా పోతాయి.

ఆడపడుచుతో ఏం చెప్పాలా అని మొహమాటపడవద్దు. మందు పడదని వైద్యులు చెప్పారని కాకుండా, ఉన్నదే చెప్పండి: నా జుట్టు ఇది, ఇలాగే ఉంచుకుంటాను అని. మా వారి అక్కకు నేను అదే చెప్పాను. రిసెప్షన్ రోజు నా ఉంగరాల్లో మల్లెలు గుచ్చింది ఆవిడే.

పార్లర్‌కు అడ్వాన్సు ఇచ్చేశారా? ఇచ్చి ఉంటే దాన్ని పెళ్లికూతురి అలంకరణకు మార్చమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఈ ఆదివారమే తలస్నానం చేసి, తడి జుట్టును చిక్కు తీసి, దువ్వకుండా ఆరనిచ్చి చూడండి. తడిగా ఉన్నప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో, ఆరాక ఎక్కడిదాకా ఉందో కొలిచి నాకు రాయండి. దాన్నిబట్టి సవరం ఎంత పొడవు కావాలో, జడ ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.